నాచు పచ్చదనము – నీటిలోని లవణములు



మేము కాపురముండు ఫిల్మునగరమున పచ్చన యనగానే పలువురకు జ్ఞప్తికి వచ్చునది చిత్రశాలలలో నటుల వెనుక వ్రేలాడగట్టు పచ్చని తెర. ఆ తెర యున్నచోట పిమ్మట సముద్రమునైనను, హిమాలయమునైనను నిలిపి చూపుదురు. ఆ పచ్చదనము వెలయిచ్చి కొనదగినది. కాని మా వసారాలో పిచ్చుకల కొఱకు మేముంచిన మట్టిమూకుడులో, ఎవ్వరును తేకయే నాలుగు దినములలో వచ్చి చేరెడు పచ్చదనము మఱియొకటి కలదు. దానినే మనము నాచనియు, పాచియనియు పిలిచి, పీచుతో తోమి పాఱబోయుచుందుము. అమరసింహుడు తన కోశమున దానికి జలనీలి, శైవలము మొదలగు పేళ్లను చెప్పియున్నాడు. పేళ్లను చిన్ననాడే మా తండ్రిగారియొద్ద వల్లించితిమి గాని, ఆ పచ్చన యెట్లు పుట్టునో నిన్నమొన్నటి వఱకు మే మెఱుగము.

నాచునకు ఆ పచ్చన యెక్కడినుండి వచ్చును? దానికి తిండి కఱవైనచో నేమగును? తిండి మిక్కుటమైనచో నేమగును? ఈ మూడు ప్రశ్నలకును ఈ యేడు మా యింటనే సమాధానములు దొరికినవి. అందు మూడవది మాకు దుఃఖమును గూడ తెచ్చినది గావున, దానిని దాచక మీకు చెప్పవలయునని యీ వ్యాసము వ్రాయుచున్నారము.

మూకుడులోని పచ్చనీటిచుక్క నొకదానిని మావారు తాము పనిచేయు పాఠశాలలోని సూక్ష్మదర్శినిక్రింద నుంచి మాకు చూపిరి. కంటికి రంగునీరుగా తోచినది కాస్తయు లెక్కకందని పచ్చని పూసల రాశియై కనబడినది. అందొక్కొక్క పూసయు నొక్కొక్క జీవి. దానికి వేరు లేదు, కాండము లేదు, ఆకు లేదు; ఒంటికణమే దాని సర్వస్వము. ఇట్టివానిలో క్లోరెల్లా యను దానికి 1890లో బైజెరింకు అను డచ్చి శాస్త్రజ్ఞుడు నామకరణము చేసెను. దాని పరిమాణము మిల్లీమీటరును వేయి భాగములు చేసినచో అందు రెండు మొదలు పది భాగముల వఱకు నుండును. ఇంత చిన్న ప్రాణియు మఱ్ఱిచెట్టు చేయు పనినే చేయుచున్నది. సూర్యకాంతిని గ్రహించి, నీటిని, బొగ్గుపులుసు వాయువును కలిపి పిండిపదార్థమును వండుకొని, ప్రాణవాయువును వెలుపలికి విడుచుచున్నది. ఆ వంటకు పొయ్యివంటిది పత్రహరితము. ఆకునందైనను నాచునందైనను పచ్చన యనగా నిదియే.

పత్రహరితమునకు క్లోరోఫిల్లు అను పేరును ఫ్రెంచి రసాయనజ్ఞులగు పెలెటియే, కవంటూ అనువారు పెట్టి రెండువందల యేండ్లు దాటినది. దాని నిర్మాణమును శోధించినందులకు విల్‌స్టాటరు అను జర్మను పండితునకు 1915లో నోబెలు బహుమానము లభించెను. ఈ ద్రవ్యములోని ముఖ్యమగు రకము నొక యణువు తీసికొన్నచో, అందు కర్బన పరమాణువులు 55, ఉదజనివి 72, ఆమ్లజనివి 5, నత్రజనివి 4, మగ్నీషియముది 1; వెరసి 137. నాలుగు నత్రజని పరమాణువులు చుట్టును నిలిచి, నడుమ నొక్క మగ్నీషియమును పట్టుకొనియుండును. పీటపై వధువును గూర్చుండబెట్టి నలుగురు ముత్తైదువలు చుట్టును నిలిచినట్లని మేము తలపోసితిమి. కర్బనము, ఉదజని, ఆమ్లజని గాలినుండియు నీటినుండియు వచ్చును. నత్రజనియు, మగ్నీషియమును మాత్రము నీటిలో కరిగిన లవణములనుండి రావలయును.

ఇచ్చట నొక వింత కలదు. మన రక్తమునకు ఎఱుపునిచ్చు హీమోగ్లోబినులోను ఇట్టి వలయమే కలదు. అందలి నడిమి పీటపై మగ్నీషియమునకు బదులు ఇనుము కూర్చుండును. పత్రహరితములో ఇనుము లేనే లేదు. అయినను ఇనుము లేనిదే పత్రహరితము తయారు కాదు. వలయమును కట్టు పనిలో కొన్ని మెట్లను ఇనుము చేతబట్టిన కార్యకర్తలే నడపవలయును. ముగ్గులో గరిట కనబడదు గాని, గరిట లేక పిండి కలియునా? 1840 దశకములోనే గ్రీ అను ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు పాలిపోయిన ఆకులపై ఇనుపలవణముల నీటిని పూసి, అవి మరల పచ్చబడుటను చూపియుండెను. అన్నభేది యని మన పచారికొట్టులలో అమ్మునది అట్టి ఇనుపలవణమే.

ఈ మాటలు విన్న పిమ్మట స్వయముగా చూడవలయునని మాకు కోరిక పుట్టినది. 1860 ప్రాంతమున జర్మనీదేశమున సాక్సు, క్నాపు అను పండితులు మట్టి లేకయే లవణజలములో మొక్కలను పెంచి, వానికి కావలసిన యాహార మేదియో నిర్ణయించిరి. ఆ పద్ధతినే మేమును అవలంబించితిమి. మావారు ప్రధానోపాధ్యాయుల అనుమతితో ప్రయోగశాలనుండి చిటికెడు చిటికెడు శుద్ధలవణములను తెచ్చిరి. అయిదు గాజుసీసాలను కడిగి వేడినీట నుడికించి, శుద్ధియంత్రమునుండి వచ్చిన నీటితో నింపితిమి. ఆ యంత్రము నీటిలోని లవణములను చాలవఱకు తీసివేయును గదా. ప్రతి సీసాలోను మూకుడులోని పచ్చనీరు నొక్కొక్క చెంచాడు వేసితిమి. మొదటి సీసాకు లవణమేదియు నియ్యలేదు. రెండవదానికి నత్రజని, భాస్వరము, పొటాషియము, కాల్షియము, మగ్నీషియము, గంధకము, ఇనుము గల లవణములన్నియు నిచ్చితిమి. మూడవదానికి నత్రజని తప్ప, నాల్గవదానికి మగ్నీషియము తప్ప, అయిదవదానికి ఇనుము తప్ప తక్కిన వన్నియు నిచ్చితిమి. అన్నింటిని తూర్పు కిటికీలో నుంచి, దినమున కొకమాఱు కదలించుచుంటిమి.

ఆరంభముననే యొక పొరపాటు జరిగినది. రెండవ సీసాలో వేసిన అన్నభేది తెల్లవాఱుసరికి తుప్పురంగు మడ్డియై యడుగున దిగినది. నీటిలో ఇనుమున్నను నాచునకు దాని నందుకొను శక్తి లేదు. విస్తరిలో వడ్డించిన యన్నమును నోట కుట్టువడినవాడు తినలేనట్లాయెను. గాలిలోని ఆమ్లజని సోకగానే ఇనుము త్రుప్పుగా మాఱి కరుగకుండ పోవుననియు, నిమ్మపులుసు కలిపినచో అది ఇనుమును పట్టుకొని నీటిలో నిలుపుననియు మావారు చెప్పిరి. ఆ సీసాను పాఱబోసి మరల నింపి, ఇనుముతోపాటు నిమ్మరసము నాలుగు చుక్కలు వేసితిమి. ఈసారి మడ్డి దిగలేదు. ఆకుకూరలో నిమ్మకాయ పిండుకొన్నచో అందలి ఇనుము మన యొంట బాగుగా పట్టునని వైద్యులు చెప్పుమాట అప్పుడు జ్ఞప్తికి వచ్చినది. కారణములు రెండుచోట్లను సరిగా నొక్కటి కాకపోయినను, ఉన్నంత మాత్రమున చాలదు, అందవలయునను నీతి మాత్ర మొక్కటే.

మూడు వారములు గడచెను. మొదటి సీసాలోని నీరు నీరుగనే యుండెను. రెండవది పెసరపచ్చనై, వెనుకనున్న కిటికీ చువ్వలు కనబడనంత చిక్కబడెను. మూడవది మొదట కొంచెము పచ్చబడి, పిదప దినదినమును పాలి, పండిన నిమ్మపండు ఛాయకు దిగెను. నత్రజని దొరకనపుడు నాచు తన పత్రహరితమును, మాంసకృత్తులను తానే విఱిచి ఆ నత్రజనిని అత్యవసరమైన పనులకు వాడుకొనును. కఱవుకాలమున ఇల్లాలు మెడలోని నగను కరగించి బియ్యము కొన్నట్లున్నది గదా యీ పని! పత్రహరితము పోగా, అంతవఱకు దానిచాటున దాగియున్న పసుపువన్నె ద్రవ్యములు పైకి తేలును. నాల్గవ సీసా, అయిదవ సీసా పూర్వము తమ యొంట దాచుకొన్న మగ్నీషియముతోను, ఇనుముతోను కొన్నినాళ్లు నెట్టుకొని వచ్చి, ఆవల లేత మామిడిచిగురువలె పలుచబడినవి. ఎండ అయిదింటికి నొక్కటే. కాంతిలో లోపము లేదు. లోపమంతయు తిండిలోనే.

ఇరువది రెండవ దినమున మూడవ సీసాలో నత్రజని లవణము చిటికెడు వేసితిమి. మఱి మూడు దినములలో ఆ పసుపునీరు మరల పచ్చదేఱినది. ఆ యుదయము మేము పొందిన సంతోష మింతింతనరాదు. మన దేశమున 15 మొదలు 49 వఱకు వయస్సు గల స్త్రీలలో నూటికి 57 మంది రక్తహీనతతో నున్నారని 2019–21 నాటి జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే చెప్పుచున్నది. సీసాలో నాచు పాలినపుడు మనము తిండి వెదకుచున్నాము. ఇంట కోడలి ముఖము పాలినపుడు మాత్రము ఎండలో తిరిగినదందుము. ఈ పోలిక మా మనస్సును విడువలేదు.

ఇంతవఱకు కఱవు కథ. ఇక మిక్కుటము కథ వినుడు.

మా చిన్నమ్మాయికి వసారాలో నొక తొట్టియు, అందు అయిదు చిన్నచేపలును కలవు. ప్రయోగము ఫలించిన యుత్సాహములో, మిగిలిన లవణజలమును పాఱబోయుటకు చేతులు రాక, మేమే దానినంతటిని ఆ తొట్టిలో పోసితిమి. నీరు పచ్చబడినచో చేపలకు ప్రాణవాయువును, మేతయు రెండును హెచ్చునని మా తలంపు. వారము తిరుగకముందే తొట్టి చిలుకపచ్చ యాయెను. అమ్మాయి మురిసినది; మేమును మురిసితిమి. తరువాత మూడు దినములు ఆకాశము ముసురుపట్టి యెండ కనబడలేదు. నాల్గవనాటి వేకువను చేపలు నీటిపైకి వచ్చి నోళ్లు తెఱచి యాయాసపడుచుండెను. మంచినీటిలోనికి మార్చునంతలో రెండు పోయినవి.

“అమ్మా! పచ్చదనము మంచిదని నీవే గదా చెప్పినావు? మఱి నా చేపలెందుకు చచ్చిపోయినవి?” అని బిడ్డ యడిగినది. మాకు వెంటనే మాట రాలేదు.

కారణ మిది. పగటివేళ యెండలో నాచు ప్రాణవాయువును పుట్టించును. రాత్రివేళ అది పుట్టింపదు సరికదా, మనవలెనే తానును పీల్చును. కొంచెము నాచైనచో పగటి సంపాదన రాత్రి వ్యయమునకు చాలును. నాచు మితిమీఱినపుడు, మబ్బుదినములలో సంపాదన తగ్గి, రాత్రి వ్యయము మాత్రము తగ్గదు. దానికితోడు చచ్చిన నాచు కుళ్లుటకును ప్రాణవాయువు వెచ్చపడును. వేకువజామునకు నీటిలో నేమియు మిగులదు. మేము తొట్టికి పెట్టినది విందనుకొంటిమి. అది చేపలకు ఉరియైనది. ఆ తప్పు మాదే యని బిడ్డకు చెప్పి క్షమాపణ వేడితిమి.

ఆనాటి సాయంకాలము మావారు మమ్మును దుర్గము చెరువు గట్టునకు గొనిపోయిరి. జూబిలీహిల్సు కొండలకును మాదాపూరునకును నడుమ, బండరాళ్ల మాటున నుండుటచేత దీనికి రహస్యపు చెరువను ప్రసిద్ధియు కలదు. కుతుబుషాహీల కాలమున గోలకొండకోటకు త్రాగునీ రిచ్చిన చెరువిది. 2020 సెప్టెంబరులో దీనిపై తీగలవంతెనను తెఱచినప్పటినుండి జనులు సాయంకాలము దీపముల వింత చూడవచ్చుచున్నారు. మేము మాత్రము వంతెన చూడక నీటివంక చూచితిమి. గట్టునకు తగిలినచోట నీరు మా తొట్టివలెనే పచ్చగా నుండెను.

ఈ కొండలు సుమారు 250 కోట్ల సంవత్సరముల నాటి నల్లసేనపు, ఎఱ్ఱసేనపు రాళ్లు. ఆ రాతిలోని నల్లని అభ్రకమున మగ్నీషియమును, ఇనుమును కలవు. ఎండకు వానకు రాయి చివుకుచుండ, అవి చిట్టెడు చిట్టెడుగా నీటిలో దిగును. రాతినుండి నత్రజని వచ్చునది మిక్కిలి స్వల్పము, భాస్వరమును కొంచెమే. అందుచేత పూర్వము చెరువులో నాచునకు మితభోజనమే యుండెడిది. 1960 దశకము తరువాత జూబిలీహిల్సులో ఇండ్లు లేచినవి. అక్కినేని నాగేశ్వరరావుగారు 1970 దశకమున అన్నపూర్ణ చిత్రశాలను నెలకొల్పుటయు, మదరాసునుండి చిత్రపరిశ్రమ క్రమముగా నిచ్చటికి తరలివచ్చుటయు జరిగి, రాళ్లగుట్టలు నగరమైనవి. ఇండ్లతోపాటు వంటయిండ్లును, స్నానపుగదులును, మరుగుదొడ్లును వచ్చినవి గదా. మానవ మలమూత్రములలోను, పాఱబోసిన యాహారములోను, కొన్ని చాకలిపొడులలోను నత్రజని భాస్వరములు నిండుగా నుండును. శుద్ధి చేయని మురుగు చెరువున పడినపుడెల్ల, మేము తొట్టిలో పోసిన లవణజలమే చెరువునకు పోసినట్లగుచున్నది. మేము పోసినది ఒక్కనాడు. నగరము పోయుచున్నది ప్రతిదినము.

ఇందు భాస్వరము చేయు పని విచిత్రము. పత్రహరితపు 137 పరమాణువులలో అది యొక్కటియు లేదు. కాని కణము శక్తిని చేతులు మార్చుకొనుటకును, రెండుగా చీలి వృద్ధి పొందుటకును భాస్వరము లేనిదే సాగదు. మంచినీటి చెరువులలో తఱచుగా నదియే తక్కువపడి నాచునకు కళ్లెము వేయుచుండును. 1973లో కెనడాదేశమున షిండ్లరు అను శాస్త్రజ్ఞుడును ఆయన సహచరులును 226వ సంఖ్య గల చెరువును నడుమ తెర కట్టి రెండు భాగములు చేసిరి. ఒక భాగమున కర్బనము, నత్రజని మాత్రమే కలిపిరి; రెండవ భాగమున వానితో భాస్వరమును గూడ కలిపిరి. భాస్వరము పడిన భాగము పచ్చని మీగడ కట్టినది. రెండవది తేటగా నిలిచినది. విమానమునుండి తీసిన ఆ చిత్రము చూచినవారికి వేఱు ప్రమాణ మక్కఱలేదు.

మన నగరమునను ఇట్టి పరిశీలన క్రొత్తది కాదు. ఎ. ఆర్. జఫరుగారు హైదరాబాదులోని చేపల చెరువులను పరిశీలించి, నీటిలోని లవణాదులకును నాచుజాతులకును గల సంబంధమును గూర్చి 1964 మొదలు అంతర్జాతీయ పత్రికలో వరుసగా వ్యాసములు ప్రకటించిరి. నీటిగుణమును బట్టి నాచుజాతి మాఱుననుట శాస్త్రజ్ఞు లెఱిగినదే. మురుగు మిక్కుటమైనచోట పచ్చనాచును త్రోసి నీలిపచ్చనాచు బలియుట కలదు. దానికిని పత్రహరితము కలదు గాని, అందు కొన్ని జాతులు విషమును పుట్టించును. కావున పచ్చని మీగడ కట్టిన నీటిలో పిల్లలను దింపరాదు, పశువులకు త్రాగింపరాదు. కాచినంత మాత్రమున ఆ విషము పోదని గూడ గుర్తుంచుకొనవలయును.

ఇక గృహిణులమగు మనము చేయదగిన దేమి? చెరువును బాగుచేయుట ప్రభుత్వము చేయవలసిన పని. మురుగును శుద్ధిచేసి గాని చెరువున విడువరాదని మనము గట్టిగా నడుగవలయును. అయినను మన గడప లోపల మన చేతనగునది కొంత కలదు. బియ్యము కడిగిన నీటిని, పప్పు కడిగిన నీటిని తూములో పోయక మొక్కలకు పోయుడు. గంజిని, మిగిలిన కూరలను తూములో పోయుట మానుడు. భాస్వరము లేని చాకలిపొడిని అడిగి కొనుడు. కొన్నదానిని గూడ పిడికిళ్లతో గాక చెంచాలతో కొలిచి వేయుడు. మేడమీది కుండీలకు ఎరువును వానదినములలో వేయకుడు. అది మొక్కకు పట్టక కాలువదారి పట్టును. ఇంటి నీటితొట్టిపై వెలుతురు చొరని మూత యుంచుడు. వెలుతురు లేనిచో లవణము లెన్నియున్నను నాచు పెరుగనేరదు.

కాళిదాసు శాకుంతలమున నాచు చుట్టుకొన్న తామరను గూడ అందమైనదిగానే తలచినాడు. ఆ కొలనున నాచునకు మితమైన తిండి యుండెనేమో యని యిప్పుడు మాకు తోచుచున్నది. పచ్చదనము స్వతః మంచిదియు గాదు, చెడ్డదియు గాదు. అది నీటి వంటయింటి లెక్కలపుస్తకము. పాలిపోయినచో ఏదో లవణము కొఱవడినదని చెప్పును. మితిమీఱి చిక్కబడినచో మన మురుగు దానిలో కలిసినదని చెప్పును. చదువవలసినవారము మనమే.

మా తొట్టిలో ఇప్పుడు మూడు చేపలున్నవి. వారమునకు రెండుమార్లు సగము నీరు తీసి క్రొత్తనీరు పోయుచున్నారము. ఆ పని మా చిన్నమ్మాయిదే. తీసిన పచ్చనీరు తూములో పోయవద్దని మేము చెప్పకముందే, అది చెంబుతో గొనిపోయి తులసికోటలో పోసినది.